శేషగిరి నోట రాని మాట

మా ఆయన శేషగిరికి ఎత్తులంటే భయం లేదు, క్రేన్లంటే భయం లేదు, ఆఖరికి నా కోపమన్నా పెద్దగా భయం లేదు. మాటలంటే భయం. అందులోనూ అశుభం మాటలంటే హడలి చస్తాడు. చూశారా, 'చస్తాడు' అనేశాను. ఈ వాక్యం కంటబడితే ముందు నన్ను నోరు కడుక్కు రమ్మంటాడు.

బాపట్ల పక్కన ఒక పల్లెలో, నాయనమ్మ చేతిలో పెరిగాడు. ఆవిడ ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. ఎవరూ పోరు, వెళ్ళొస్తారు. ఇంతవరకు తెలుగువాళ్ళందరిదీ ఇదే వరస, మా అనంతపురంలోనూ ఉంది. కానీ ఆ ముసలావిడ ఇంకాస్త ముదురు. ఇంటి కప్పుల మీద తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, ఎవరి నోట ఏ మాట జారినా 'తథాస్తు' అనేసి పోతారని, అది జరిగి తీరుతుందని చెప్పి చెప్పి పిల్లాడికి నూరిపోసింది. ఒక వానాకాలం "నాయనమ్మా, పాక కూలిపోయేట్టుంది" అన్నాట్ట. అన్నంత పనీ జరిగి పాక కూలింది, అందులో కట్టేసిన గేదె పోయింది. "నీ నోరు పడ! ఎందుకన్నావురా ఆ మాట?" అని ఆవిడ మూడు వీధులు వినబడేట్టు ఏడ్చిందట. పాక కూలింది వానకు నాయనా, నీ నోటికి కాదు అని చెప్పే పెద్దమనిషి ఆ ఊళ్ళో ఒక్కడూ లేకపోయాడు.

మా పెళ్ళిచూపులు వీడియో కాల్‌లో అయ్యాయి. నేను లండన్ దగ్గర వాట్‌ఫర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆయన మొజాంబిక్‌లో రైలు వంతెనలు కట్టే మన దేశపు కంపెనీలో సైటు ఇంజనీరు. అక్కడి పనివాళ్ళు మాట్లాడేది పోర్చుగీసు కాబట్టి వాళ్ళతో కలిసి తిని, వాళ్ళ చేత తిట్లు తిని, ఆ భాష గడగడా పట్టేశాడు. ఏమైనా అడగాలని ఉందా అంటే, "మీ అమ్మగారు కులాసాగా ఉన్నారా?" అని అడిగాడు. మా అమ్మ అప్పటికి మంచంలో ఉంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. 'జబ్బు' అనడం ఇష్టం లేక 'కులాసా' అన్నాడని నాకు పెళ్ళయ్యాకగానీ అర్థం కాలేదు.

నా వీసా మీద డిపెండెంటుగా, ఆ పక్కనే హారోలో మా ఇంటికి వచ్చి కొన్నాళ్ళు ఇంట్లో గిన్నెలు తోముతూ కూర్చున్నాడు. తర్వాత ఫయాజ్ భాయ్ దొరికాడు. నంద్యాల మనిషి. ఈ చుట్టుపక్కల పాత ఇళ్ళకు గోడలు పగలగొట్టి గదులు పెద్దవి చేసే చిన్న కంపెనీ పెట్టుకున్నాడు. అందులో మా ఆయన్ని మేస్త్రీగా చేర్చుకున్నాడు. ఆయన దగ్గర పనివాళ్ళు సగం బ్రెజిల్ నుంచి, సగం పోర్చుగల్ నుంచి వచ్చినవాళ్ళు.

"శేషన్నా, మనోళ్ళు పనిలో పులులు. ఇంగ్లీషు మాత్రం ముక్క రాదు. నేను చెప్పేది వాళ్ళకు ఎక్కదు, వాళ్ళు చెప్పేది నాకు ఎక్కదు. రోజుకొక మాట నేర్పియ్యి. ఇంగ్లీషు మాట, దాని అర్థం, పోర్చుగీసులో ఏమంటారో అది. పొద్దున టీ తాగేటప్పుడు అయిపోవల్ల" అన్నాడు ఫయాజ్ భాయ్.

అలా మా వంటింట్లో రోజుకో మాట మొదలైంది. నేను ఇడ్లీ రేకులు కడుగుతూ ఫోన్‌లో డిక్షనరీ తీసి ఇంగ్లీషు అర్థాలు చదివేదాన్ని. ఆయన అటూ ఇటూ నడుస్తూ పోర్చుగీసులో గట్టిగా అప్పచెప్పుకునేవాడు. బడి పిల్లాడు ఎక్కాలు చదివినట్టు ఉండేది. కిటికీ అవతల పక్కింటి పెద్దమ్మ ఆగి మరీ వినేది. నాకు నవ్వాగేది కాదు. ఆ రోజుల్లో మేం బాగా నవ్వుకున్నాం.

అంతకు ముందటి ఏడాది నాకు ఒకసారి కడుపు నిలిచి, నిలవకుండా పోయింది. బట్టల బుట్ట ఎత్తుకుని మెట్లెక్కుతుంటే కింద నుంచి ఆయన "మెల్లిగా, పడిపోతావే" అని అరిచాడు. నేను పడలేదు. ఆ వారంలోనే రక్తం కనబడింది. ఈ రెండిటికీ సంబంధం లేదని డాక్టరు చెప్పింది, నేను చెప్పాను, మా అమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది. ఆయన తలూపాడు. ఊపాడంతే. ఆ తర్వాత ఆయన నోట చెడుమాటే కాదు, చెడు వైపు తొంగి చూసే మాట కూడా రావడం మానేసింది. నేను మెట్లెక్కుతుంటే వెనకాలే చేతులు చాచి నడిచేవాడు గానీ, నోరు విప్పేవాడు కాదు.

మళ్ళీ కడుపు నిలిచింది, ఐదో నెల వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం పెద్ద స్కాన్. ఆ పొద్దున ఆయన మాట 'ప్రాప్'.

నేను అర్థాలు చదివాను. నాటకంలో వాడే సామాను, విమానం ముందు తిరిగే పంకా, రగ్బీ ఆటలో ఒక ఆటగాడు. "ఇవన్నీ నీకెందుకప్పా? ఇదుగో, మీ పని మాట వచ్చింది" అని అసలుది చదివి చెప్పాను. పైనున్న బరువు కూలి కింద పడకుండా తాత్కాలికంగా కింద పెట్టే ఊత. ఇండియాలో సైట్ల మీద జాకీ అంటామే, ఆ ఇనప గొట్టమే.

"పోర్చుగల్ వాళ్ళు దీన్ని ప్రూము అంటారు. బ్రెజిల్ వాళ్ళు ఎస్కోర అంటారు. నాది రైటంటే నాది రైటని పొద్దున్నే కొట్టుకుంటారు. రెండూ చెప్తాలే" అన్నాడు శేషగిరి.

"మరి అర్థం?"

"బరువు మోసేది."

"బరువు మోసేదంటే సరిపోతుందా? గాడిద కూడా మోస్తుంది. తీసేస్తే పైది కూలుతుందని కదా అసలు ముక్క!"

ఆయన నా పొట్ట వైపు చూశాడు. "శుభమా అని స్కానింగుకు పోతున్నాం. ఇవాళ ఆ మాట అనమాకు బిందూ" అన్నాడు.

"నాతో అనొద్దులే, అక్కడ అను" అన్నాను. అక్కడ అంటాడనే అనుకున్నాను. చూస్తూ చూస్తూ పని దగ్గర కూడా నోరు కట్టేసుకుంటాడని ఎవరనుకుంటారు?

సైటు స్టాన్‌మోర్‌లో. జంట ఇళ్ళలో ఒకటి. ఇంటివాళ్ళు పని అయ్యేదాకా చుట్టాలింట్లో ఉన్నారు. వెనకవైపు కింది గోడ మొత్తం పగలగొట్టి వంటగది పెద్దది చేస్తున్నారు. పైఅంతస్తు గోడ అలాగే ఉండాలి. దాని కింద పెద్ద ఇనప దూలం కూర్చోబెట్టాలి. దూలం సోమవారం వస్తుందన్నారు. అప్పటిదాకా పైగోడంతా వరసగా నిలబెట్టిన ప్రాపుల మీదే ఆగి ఉంది.

వాటి మధ్యలో పనిచేసేవాళ్ళలో అదెలినో కొత్తవాడు. పోర్చుగల్ వాళ్ళదే మదైరా అనే దీవి మనిషి. నలభై దాటిన వయసు, పెద్ద మీసం. అక్కడ బేకరీలో రొట్టెలు కాల్చేవాడు, అది మూతపడితే ఇక్కడికి వచ్చాడు. పిండి కొలత తెలుసు, పొయ్యి వేడి తెలుసు, గోడల సంగతి తెలియదు. నాకు వేవిళ్ళని తెలిసి శేషగిరి చేత నిమ్మకాయ వాసనొచ్చే కేకు పంపించాడు. ఆ నెలలో నా కడుపులో నిలిచిన తిండి అదొక్కటే.

ఆ పొద్దున టీ దగ్గర శేషగిరి ప్రాప్ అన్నాడు, ప్రూము అన్నాడు, ఎస్కోర అన్నాడు. బరువు మోస్తుందన్నాడు. అందరూ తలూపారు. అప్పుడు అదెలినో అడిగాడట, "ఒకటి తీస్తే ఏమవుతుంది షెఫ్?" అని. షెఫ్ అంటే వాళ్ళ భాషలో మేస్త్రీ.

ఆ ప్రశ్నకు జవాబు మా ఆయన నాలుక చివర ఉంది. 'దెజబార్' అంటే కూలిపోవడం. మొజాంబిక్‌లో విని విని అరిగిపోయిన మాట. కానీ పైన పాత ఇంటి పెంకుల కప్పు కనిపించింది. మధ్యాహ్నం స్కాన్ గుర్తొచ్చింది. "తియ్యం కదా. ఇవి ఉన్నంతసేపు అంతా క్షేమం" అని చెప్పి నవ్వాడట. ఇంతకన్నా శుభంగా ఎవరు చెప్తారు!

మధ్యాహ్నం ఆయన బస్సెక్కి హారో హాస్పిటల్‌కు వచ్చాడు. నేను ఇంటి నుంచే పని చేస్తున్న రోజు కాబట్టి కారులో వెళ్ళి కార్ పార్క్‌లో కలిశాను. వెళ్ళే ముందు పనివాళ్ళకు ఏం చెప్పాడంటే, లోపలి పని ఆపి తోటలో చెత్త ఎత్తమన్నాడట. ఫయాజ్ భాయ్ నమాజుకు వెళ్ళాడు. మిగతావాళ్ళు భోజనానికి పోయారు.

కారు తాళం వేస్తుండగా ఆయన ఫోన్‌కు వాయిస్ మెసేజ్ వచ్చింది. అదెలినో గొంతు. నాకు మాటలు అర్థం కాలేదు గానీ హుషారుగా ఉన్నాడని తెలిసింది. వింటున్న శేషగిరి మాత్రం ఉన్నచోటే బిగుసుకుపోయాడు. మళ్ళీ పెట్టుకుని విన్నాడు.

"ఏంది? ఏమంటాండాడు?"

"నడిమి ప్రూము నా చక్రాల బండికి అడ్డమొస్తోంది. కాసేపు తీసి మళ్ళీ పెట్టేస్తాను. మీరు హాయిగా బిడ్డను చూసుకుని రండి, ఇక్కడంతా క్షేమమే... అంటున్నాడు."

"నువ్వు పొద్దున చెప్పినావా లేదా, తీస్తే ఏమైతుందో?"

ఆయన నేలకేసి చూశాడు.

"శేషూ! చెప్పినావా లేదా?"

"క్షేమం అని చెప్పా" అన్నాడు.

తిట్లు తర్వాతకు పెట్టుకున్నాను. అదెలినోకు ఫోన్ చేశాం. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాం, అదే. ఫయాజ్ భాయ్ ఫోన్ ఆపేసి ఉంది. మిగతావాళ్ళలో ఒకడు ఎత్తి, టేక్‌అవే దగ్గర లైన్లో ఉన్నామని, అదెలినో ఒక్కడే ఇంట్లో ఉన్నాడని చెప్పాడు. వెంటనే వెనక్కి పరిగెత్తమంటే పరిగెత్తుతామన్నాడు. కానీ వాళ్ళ కారు ఎక్కడో దూరంగా పెట్టి ఉందట.

"ఎక్కు" అన్నాను.

"స్కాన్..."

"ఎక్కమన్నానా!"

ఆయనకు ఈ దేశం లైసెన్సు ఇంకా రాలేదు. బండి నేనే తీశాను. స్టీరింగ్‌కీ పొట్టకీ మధ్య బెత్తెడు సందు. శుక్రవారం మధ్యాహ్నం, బడులు వదిలే వేళ కూడా దగ్గరపడుతోంది. బెల్మాంట్ సర్కిల్ దగ్గర రోడ్డు తవ్వి తాత్కాలికంగా లైట్లు పెట్టారు. ఎర్రలైటు ముందు ఆగాం. ముందు బస్సు, వెనక వ్యాను, కదిలే దారి లేదు. అదెలినో మీసం, ఆ కేకు కట్టిన అల్యూమినియం కాగితం, అవే కళ్ళ ముందు కనిపిస్తున్నాయి.

"999కి చెయ్యి. స్పీకర్లో పెట్టు" అన్నాను.

చేశాడు. అవతల ఒకావిడ ప్రశాంతంగా ఏం జరిగిందని అడిగింది. శేషగిరి సైటు అడ్రసు చెప్పాడు, పోస్ట్‌కోడ్ చెప్పాడు. తర్వాత, "అక్కడ గోడకు చిన్న ఇబ్బంది ఉండొచ్చు" అన్నాడు ఇంగ్లీషులో. చిన్న ఇబ్బంది! ఎవరికైనా దెబ్బ తగిలిందా అని ఆవిడ అడిగింది. లేదన్నాడు. ఇప్పుడు ప్రమాదమేమైనా ఉందా అంది. ఆయన పెదవులు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు. పక్కన నేను, నా పొట్ట. పైన, ఆయన లెక్కలో, దేవతలు.

"గోడ కూలి మనిషి మీద పడబోతోంది! ఒక్కడే ఉన్నాడు లోపల! ఫైరింజన్ పంపండి!" అని నేనే అరిచాను. పక్క కారులోవాళ్ళు అద్దం దించి చూశారు.

ఫోన్ పెట్టేసి ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "ఎందుకన్నావే? ఎందుకన్నావే ఆ మాట?"

"నా కడుపు సంగతి నేను చూసుకుంటా. నువ్వు ఆ మాట నేర్చుకో ఇప్పుడు. కూలిపోతుందని పోర్చుగీసులో ఏమంటారు? చెప్పు!"

"తెలుసే నాకు."

"తెలిసి ఏం లాభం? నోటితో అను. అక్కడికి పోయినాక కూడా క్షేమం క్షేమం అని భజన చేస్తావా? అదెలినోకు పిల్లలుండారు!"

లైటు పచ్చబడింది. బస్సు కదిలింది. ఆయన అద్దం వైపు తిరిగి, నాకు వినబడకూడదన్నట్టు, "దెజబార్" అన్నాడు. మళ్ళీ అన్నాడు. మళ్ళీ. ఏడుస్తున్నాడు. నాకు జాలేసింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది. రెండూ ఒకేసారి.

ఇంటి ముందు ఆగేసరికి వీధి మామూలుగా ఉంది. గోడ నిలబడే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కారు తలుపు తీయగానే చప్పుడు వినిపించింది. లోపల నేలను పగలగొట్టే మిషన్ మోగుతోంది. తోటలో చెత్త ఎత్తడం అయిపోయినట్టుంది. ఖాళీగా కూర్చోవడం ఇష్టం లేని మనిషి, సోమవారం పని ఇప్పుడే మొదలుపెట్టాడు. ఫోన్ ఎత్తకపోవడానికి కారణం అదే.

ముందు తలుపు బార్లా తీసి ఉంది. నడవాలోంచి వెనక గదిదాకా కనిపిస్తోంది. చెవులకు దొప్పలు పెట్టుకుని, మాకు వీపు తిప్పి, అదెలినో మిషన్ మీద వంగి ఉన్నాడు. ప్రాపుల వరసలో నడుమ ఒక ఖాళీ. తీసిన ప్రాపు పక్క గోడకు ఆనించి ఉంది. మిషన్ అదిరినప్పుడల్లా పైనుంచి సన్నగా దుమ్ము రాలుతోంది. జల్లెడ పట్టినట్టు ఆగకుండా రాలుతోంది. ఖాళీకి ఇటువైపున్న ప్రాపు నిటారుగా లేదు.

శేషగిరి గుమ్మంలోంచి అరిచాడు. మిషన్ చప్పుడులో అది ఎవరికీ వినపడే అరుపు కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయన ఇలాగే అరుస్తూ నిలబడితే అయినట్టే అనుకుని, ఆయన్ని తోసుకుని ముందుకు నడిచాను. అదెలినో చొక్కా పట్టుకుని ఈడ్చుకొద్దామని. కడుపుతో ఉన్నానన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తే లేదు.

ఆయన నా భుజం పట్టి వెనక్కి లాగాడు. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు.

"లోపల అడుగు పెట్టావంటే చస్తావ్! గోడ కూలి నువ్వు చస్తావ్, కడుపులో బిడ్డా చస్తుంది! పో బయటికి!"

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వీధి అంతా వినబడేట్టు అన్నాడు. నన్ను, బిడ్డను, ఇద్దర్నీ కలిపి అన్నాడు. మెట్లు గుర్తుకొచ్చాయి. నేను వెనక్కి వెనక్కి నడిచి పేవ్‌మెంటు మీదకు వచ్చేశాను. తథాస్తు దేవతల సంగతి నాకెందుకు గుర్తుకు రావాలి? కానీ తలెత్తి కప్పు వైపు చూశాను. చూశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

తలుపు పక్కన ప్లగ్గులోంచి లోపలికి పోయే మిషన్ తీగను ఆయన ఒక్క లాగు లాగాడు. చప్పుడు ఆగిపోయింది. అదెలినో వెనక్కి తిరిగి, చెవి దొప్ప పైకెత్తి, మమ్మల్ని చూసి నవ్వాడు. "షెఫ్!" అన్నాడు. స్కాన్ అయిపోయిందా అని చేత్తో పొట్ట సైగ చేశాడు.

శేషగిరి అరిచాడు. "సాయ్ దాయీ! వాయ్ దెజబార్!" బయటికి రా, కూలిపోతోంది!

అదెలినో తప్పు దొరికిపోయిన వాడిలా తల గోక్కుని, "పెట్టేస్తా, పెట్టేస్తా" అన్నట్టు, ఆనించిన ప్రాపు వైపు నడిచాడు. ఆ ఖాళీ కిందకే. సరిగ్గా దాని కిందకే. నేను కళ్ళు మూసుకున్నాను.

"ముట్టుకోకు! వాయ్ష్ మురేర్! అదెలినో, వాయ్ష్ మురేర్!"

నువ్వు చచ్చిపోతావు. ఆ గొంతులో ఏముందో, అదెలినో తలెత్తి పైకి చూశాడు. చెవి దొప్పలు విసిరేసి పరిగెత్తాడు. శేషగిరి అతని చెయ్యి అందుకుని లాగాడు. ఇద్దరూ గుమ్మం దాటి, ముందు తోటలో గడ్డి మీద బోర్లా పడ్డారు. వెనకనుంచి మొదట పెద్ద శబ్దమేమీ రాలేదు. మూలిగినట్టు ఒకటి వచ్చింది. తర్వాత ఇటుకలు వచ్చాయి. ఎంతసేపు పడ్డాయో నాకు తెలియదు. నడవాలోంచి తెల్లటి దుమ్ము వీధిలోకి కొట్టుకొచ్చింది. దుమ్ము కాస్త తగ్గాక చూస్తే, పైగది కిటికీ కింది గదిలో నేల మీద ఉంది.

ఫైరింజన్ వచ్చింది, భోజనానికి పోయినవాళ్ళూ అప్పుడే చేరారు. పక్క ఇంటివాళ్ళను ఖాళీ చేయించారు. నమాజు నుంచి ఫయాజ్ భాయ్ పరుగున వచ్చాడు. "యా అల్లా, మనుషులు?" అన్నాడు, మనుషులున్నారని చూసి అక్కడే కూలబడ్డాడు. ఎవరికీ గీత కూడా పడలేదు. జరిగిందంతా శేషగిరే అధికారులకు చెప్పాడు. పొద్దున తాను చెప్పనిది కూడా చెప్పాడు. ఒక్కటీ దాచలేదు.

అదెలినో పేవ్‌మెంటు అంచున కూర్చున్నాడు. మీసం నిండా సున్నం. అతని పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. శేషగిరిని ఏదో అడిగాడు. మెల్లిగా, కోపం లేకుండా అడిగాడు. శేషగిరి అతని పక్కన కూర్చుని తల వంచుకున్నాడు.

"ఏమడిగినాడు?" అన్నాను తర్వాత కారులో.

"పొద్దునే ఎందుకు చెప్పలేదని."

నేను బండి స్టార్ట్ చేయలేదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఆ వారమే బిడ్డ కదలడం మొదలుపెట్టింది. చేపపిల్ల తోక కొట్టినట్టు లోపల చిన్నగా తెలిసేది. పొద్దున ఇడ్లీ తినగానే కదిలింది. ఇప్పుడు కదలడం లేదు. నీళ్ళు తాగాను. పక్కకు ఒరిగి కూర్చున్నాను. లేదు. ఐదో నెలలో ఒక్కోసారి తెలియదని నేను చదివాను, అన్నీ చదివాను. కానీ చెవుల్లో ఒకటే మాట మోగుతోంది. కడుపులో బిడ్డా చస్తుంది. కడుపులో బిడ్డా చస్తుంది. ఆయన తథాస్తు దేవతలను ఎన్నిసార్లు వెక్కిరించానో! హారోదాకా వస్తారా వాళ్ళు, వీసా దొరికిందా అని నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు కాదు, ఊపిరే అందడం లేదు.

"శేషూ, కదల్లేదు" అన్నాను.

ఆయన దిగి, నా వైపు తలుపు తీసి, నన్ను దింపి, ఫయాజ్ భాయ్ కారులో కూర్చోబెట్టాడు. హాస్పిటల్‌దాకా నా చెయ్యి వదల్లేదు. ఆయన చెయ్యి నా చెయ్యికన్నా చల్లగా ఉంది.

స్కాన్ వేళ దాటిపోయింది. కాన్పుల వార్డు ముందు ఒక చిన్న గదిలో నన్ను పడుకోబెట్టారు. మిడ్‌వైఫ్ పెద్దావిడ. మంచి మాటకారి. జిగురు పూసి, చేతిలో పట్టుకునే చిన్న మిషన్ పొట్ట మీద పెట్టింది. గరగర శబ్దం. కొంచెం పక్కకు జరిపింది. గరగర. ఇంకా కిందకు. ఆవిడ మాట్లాడటం ఆపేసింది. కాసేపటి కిందటిదాకా ఆగకుండా మాట్లాడిన మనిషి.

శేషగిరి మంచం పక్కకు వచ్చి నిలబడ్డాడు. బట్టల నిండా గోడ దుమ్ము. "మేడమ్" అన్నాడు ఇంగ్లీషులో, "చెడు ఏదైనా ఉంటే చెప్పేయండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. క్షేమం అని మాత్రం ఊరికే అనొద్దు."

మిడ్‌వైఫ్ తలెత్తి ఆయన్ని చూసింది. జవాబు చెప్పడానికి నోరు తెరిచింది.

"అనమాకండి" అన్నాను నేను. తెలుగులో, మా ఆయన ఊరి యాసలో. ఆవిడకు అర్థం కాదని కూడా తోచలేదు. "అనమాకండి, ఆ మాట అనమాకండి" అంటూ రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకున్నాను.

అందుకే నా బిడ్డ గుండె చప్పుడు ముందు నేను వినలేదు. మా ఆయన మొహంలో చూశాను.